పెనుకొండకు పోయిన మనిషి

"రెండు పెండ్లిండ్లు, ఒక్క చీర! ఎవరికి ఏం చెప్పుకుంటారో మీరే చెప్పుకోండి. నేనైతే నోరు తెరవను."

అనేసి సుబ్బలక్ష్మమ్మ రాట్నాన్ని విసురుగా ఒక తిప్పు తిప్పింది. కండెకు ఎక్కుతున్న పట్టుపోగు పుటుక్కున తెగింది. నోరు తెరవనన్న మనిషి, పొద్దున లేచినప్పటి నుంచి మూసిందెప్పుడు కనుక!

ధర్మవరంలో ఆ వీధి పొడవునా మగ్గాలు ఆడుతున్నాయి. ఒక ఇంటి చప్పుడు ఆగేలోపల పక్కింటి చప్పుడు అందుకుంటుంది. వింటూ కూర్చుంటే కళ్ళు తెరిచే నిద్రపోవచ్చు. వీళ్ళ ఇంట్లో మాత్రం మగ్గం ఆగిపోయింది. ఆమె కొడుకు శివకృష్ణ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, చేతిలో అడ్డపోగు నాడెను విసరడం మరిచిపోయి కూర్చున్నాడు. అతని భార్య ప్రమోద గడప మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఉంది. ముగ్గురి మధ్యా చాప మీద, తెల్లగుడ్డలో చుట్టిన ఆ చీర ఉంది.

మీగడ రంగు చీర, వెడల్పాటి జరీ అంచు. శివకృష్ణ తండ్రి కుళ్ళాయప్ప చేతి ఆఖరి చీర అది. కొంగు తప్ప నేత అంతా ఆయనదే. కొంగు మొదలుపెట్టాల్సిన నాడు ఆయన గుండె ఆగింది. ఏడాదిపైగా ఆ చీర మగ్గం మీదే ఉండిపోయింది. నాయన వదిలిన చోట చేయి పెట్టడానికి కొడుక్కి మనసొప్పలేదు, రెండో మగ్గం మీద పని నడిపించుకుంటూ వచ్చాడు. ఈ మధ్యనే గుండె రాయి చేసుకుని కొంగు నేసి, చీర దింపాడు.

ఇప్పుడది హిందూపురంలో గ్రేస్ అనే అమ్మాయిదీ, పెనుకొండలో లక్ష్మీప్రియ అనే అమ్మాయిదీ. ఇద్దరి పెళ్ళిళ్ళూ ఈ వారమే. చీర ఎప్పుడు అందుతుందని నిన్న రెండు ఇళ్ళ నుంచీ ఫోన్లు వచ్చేదాకా, ఒకే చీరకు ఇద్దరు పెళ్ళికూతుళ్ళున్నారని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"గ్రేస్ వాళ్ళమ్మ ప్రేమలతమ్మ ఈడికొచ్చి, ఈ చాప మీదే కూకోని, చీర ఒళ్ళో ఏసుకోని చూసుకునింది. నేను మాటిచ్చినా," అంది సుబ్బలక్ష్మమ్మ, తెగిన పోగు ముడివేస్తూ. "ఆ పొద్దే నీకు చెప్పినా కదా పాపా, ఈ చీర హిందూపురమోళ్ళదని?"

"చెప్పినావత్తా. నేనూ అప్పుడే అమ్ముడైనట్టు పెట్టినా."

"పెట్టింటే పెనుకొండ పిల్లకు ఎట్ల దొరికింది? గాల్లోంచి తీసుకునిందా?"

శివకృష్ణ నాడెను పక్కన పెట్టాడు.

"నేనూ చూసినా కదమ్మా. లక్ష్మీప్రియ వాళ్ళమ్మ ఆదెమ్మ ఫోన్ చేసి, 'సైట్లో ఉందని చూపిస్తాండాది, నిజంగా ఉండాదా అప్పా?' అని అడిగింది. లేచి పోయి బీరువా తెరిచినా. చీర ఉండాది. గుడ్డ మీద పసుపు చుక్క లేదు. చుక్క లేకుంటే అమ్మలేదనే కదా మన లెక్క? మీదే తల్లీ అని చెప్పేసినా."

ఈ ఇంట్లో అదొక పద్ధతి. చీర కొన్నవాళ్ళు ఆ నాడే పట్టుకుపోరు, మంచిరోజు చూసుకుని వచ్చి తీసుకుపోతారు. అంతవరకూ చీర బీరువాలోనే ఉంటుంది. అయితే చుట్టిన గుడ్డ మూలకు ఒక పసుపు చుక్క పెడతారు. చుక్క పడిందంటే అది పరాయి చీర, ఇంటివాళ్ళు కూడా విప్పి చూడరు. కుళ్ళాయప్ప తాత నాటి నుంచీ ఇంతే.

"చుక్క యాల పెట్టలేదమ్మా?"

రాట్నం ఆగింది. సుబ్బలక్ష్మమ్మ ఒడిలోని కండెల గంపలోకి చూసింది.

"వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు కదప్పా," అంది చివరికి. గొంతు దిగిపోయింది. "పెండ్లి చీర మీద పసుపు పెడితే ఏమనుకుంటారో అని... మర్యాదకే ఊరుకున్నా. నా మనసులో ఉంటాదిలే అనుకున్నా."

ప్రమోదకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగేసింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. అత్త పిడికిలి తెలిసింది, మొగుడి పిడికిలి తెలిసింది. తన పిడికెడు ఎక్కడుందో ఇంకా వెతుక్కోవాలి.

ఆమె ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఇంటి చీరలమ్మే ఈ వెబ్‌సైటు ఆమె చేతులారా కట్టుకున్నదే. పెళ్ళికి ముందు బెంగుళూరులో చేసిన ఉద్యోగమూ అదే. చీర సొంత పేజీ తెరిచింది. 'అమ్ముడైంది' అని ఉంది. పెళ్ళి చీరల పేజీ తెరిచింది. అదే చీర, అదే బొమ్మ, కింద పచ్చటి అక్షరాల్లో 'ఉంది' అని ఉంది.

ఎండ గడప దాటి ఆమె పాదాల మీదికి వచ్చింది. ఆమె ఆ పచ్చటి అక్షరాల వెనక ఉన్న కోడు తెరిచి, ఒక్కో లైనూ చదువుకుంటూ పోయింది.

"దొరికింది," అంది.

"ఏమి?"

"నా తప్పు."

శివకృష్ణ గుంతలోంచి లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ప్రమోద అతనికి చూపించింది.

"ఇది చూడు. సైట్లో ఒక ఫంక్షన్ రాసినా. ఎవరన్నా చీర చూస్తే, అది లోపల డేటాబేసులోకి పోయి, చీర ఉండాదా, ఆ పొద్దు పట్టు రేటెంత, జరీ రేటెంత, అన్నీ అడిగి, లెక్కేసుకోని వచ్చి చెప్తాది. శ్రావణమాసంలో శానామంది ఒకేసారి వచ్చినారే, గుర్తుండాదా? ఒక్కొక్కరి కోసం అది లోపలికి పోయి రావాల. పేజీ తెరుచుకునే లోపల సగం మంది విసుక్కోని ఎల్లిపోయినారు."

"ఊ."

"దానికని ఒక ఉపాయం చేసినా. మొదటిసారి వచ్చిన జవాబును గుమ్మంలోనే దాచిపెట్టుకోమన్నా. ఇంకొకరు వచ్చి అదే అడిగితే మళ్ళా లోపలికి పోయే పని లేదు, దాచిందే తీసిస్తాది. క్యాషింగ్ అంటారు దాన్ని."

"మంచిదే కదా."

"మంచిదే. అయితే చీర అమ్ముడుపోయిందంటే, గుమ్మంలో దాచిన జవాబును ఆ క్షణానే పారేయాల. అప్పుడు లోపలికి పోయి కొత్తది తెస్తాది. చీర పేజీలో ఆ మాట రాసినా. పెండ్లి చీరల పేజీ దసరాకు కట్టినా కదా, అది ఇంకోచోట అదే జవాబు దాచుకుంటాది. దాన్ని పారేయమని రాయనే లేదు. ఆ పేజీకి ఈ చీర ఇంకా అమ్ముడుపోలేదు."

"ఎన్నాళ్ళుంటాది ఆ దాచిన జవాబు?"

"గడువు పెట్టింటే ఒక గంటకో పూటకో దానంతట అదే పోయుండు. నేను పెట్టలేదు. అమ్మినప్పుడు నేనే చెరిపేస్తా కదా అనుకున్నా."

సుబ్బలక్ష్మమ్మ ఇదంతా వింటూనే ఉంది. "ఏమోలేమ్మా. మీ మిషన్‌కు మతిమరుపు జబ్బున్నట్టుండాది," అంది.

"మతిమరుపు కాదత్తా. మరిచిపోకపోవడమే దాని జబ్బు."

అప్పుడే లోపలి గదిలోంచి అవ్వ గొంతు వినిపించింది. కుళ్ళాయప్ప తల్లి నాగమ్మ. ఆమె గొంతు ఎప్పుడూ నిద్రలోంచి వస్తున్నట్టే ఉంటుంది.

"పాపా... కుళ్ళాయప్ప యాడ?"

ప్రమోద తల తిప్పలేదు. వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి.

"పెనుకొండకు పోయినాడవ్వా. చీరలిచ్చేసి సాయంత్రానికి వస్తాడు."

"మజ్జిగ తాగి పోయినాడా?"

"తాగినాడు."

"ఊ."

మంచం కిర్రుమంది. అవ్వ మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆమె కలలో కుళ్ళాయప్ప భుజాన చీరల మూటతో కొండ కింద రోడ్డు మీద నడిచి వస్తూ ఉంటాడని, లేచినప్పుడల్లా ఆమే చెబుతుంటుంది. ఆ కల పేరు చెప్పి రెండు ముద్దలు ఎక్కువ తింటుంది కూడా.

ప్రమోద వేళ్ళు కీబోర్డు మీదే నిలిచిపోయాయి. ఆలోచించకుండా, అడగకుండా, చూడకుండా తన నోటి నుంచి ఎంత తొందరగా వచ్చింది ఆ జవాబు!

కుళ్ళాయప్ప పోయిన నాడు అవ్వ తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది. ఇంటికి తెచ్చాక మొదట అడిగిన మాట 'కుళ్ళాయప్ప యాడ?' అనే. సుబ్బలక్ష్మమ్మే, ఆ పూట గడిస్తే చాలనుకుని, పెనుకొండకు పోయినాడని చెప్పింది. ఆపరేషన్ తర్వాత అవ్వకు కొత్త సంగతులు నిలవడం లేదు. నిద్రపోయి లేస్తే మళ్ళీ అదే అడుగుతుంది. ఇంట్లో ఎవరున్నా అదే చెబుతారు. ఒక్క పూట కోసం పుట్టిన జవాబు ఏడాది దాటినా నడుస్తూనే ఉంది.

సుబ్బలక్ష్మమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని లేచింది. అవ్వ గది గుమ్మం దగ్గర ఆగి, తలుపు చెక్కకు అంటించి ఉన్న ఎర్ర బొట్టు స్టిక్కరు తీసి నుదుట పెట్టుకుంది. లోపలికి పోయి, మజ్జిగ తాగించి వచ్చింది. వచ్చేటప్పుడు నుదుటి నుంచి దాన్ని తీసి మళ్ళీ చెక్కకే అంటించింది. అవ్వకు చూపు మసక. అయినా ఎర్ర బొట్టు ఉందో లేదో మాత్రం ఆమె కళ్ళకు తెలుస్తుంది. ఆ తలుపు చెక్క నిండా పాత స్టిక్కర్ల జిగురు మచ్చలున్నాయి. వాటి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ప్రమోద చూపు ఆ మచ్చల మీదే ఉండటం అత్త గమనించింది.

"నిజం చెప్పేద్దామని నాకు లేదనుకుంటాండావా?" అంది, ఎవరూ అడగకుండానే. "ఒకసారి చెప్తే తీరిపోయే పనైతే ఎప్పుడో చెప్పుందును. ఆయమ్మకు చెప్పింది నిలబడదు. రోజూ అడుగుతాది. రోజూ కొత్తగా చెప్పాల. రోజూ కొడుకు ఆ పొద్దే పోయినట్టు ఏడుస్తాది. నీకు చేతనయితే నువ్వు చెప్పు."

ప్రమోద తల దించుకుంది. బెంగుళూరు ఆఫీసులో గంగాధర అని ఒక పెద్ద ఇంజనీరు ఉండేవాడు. "గుర్తుపెట్టుకోమనడం ఒక్క లైను పనమ్మా, ఎప్పుడు మరిచిపోవాలో చెప్పడానికే జీతాలిచ్చేది," అని నవ్వేవాడు. ఆ రోజుల్లో ఆమె కూడా నవ్వింది.

ఆమె దాచిన జవాబులన్నీ చెరిపేసింది. పెళ్ళి చీరల పేజీ మళ్ళీ తెరిస్తే, పచ్చటి అక్షరాలు పోయి 'అమ్ముడైంది' అని వచ్చింది. ఇక మీదట చీర అమ్మగానే రెండు చోట్లా చెరిగిపోయేలా రాసింది. ఎందుకైనా మంచిదని ప్రతి జవాబుకూ ఒక గడువు కూడా పెట్టింది. అయినా పని అయిపోయిందన్న తృప్తి కలగలేదు. ఈ ఇంట్లో గడువు లేని జవాబు ఇంకొకటి ఉందని ఆమెకు తెలుసు.

"మొదట మాటిచ్చింది గ్రేస్ వాళ్ళకు," అన్నాడు శివకృష్ణ. "చీర వాళ్ళదే. నేను హిందూపురం పోయి ఇచ్చొస్తా. ఆదెమ్మకు మాత్రం ఎదురుగా పోయి చెప్పుకోవాల. ఫోన్లో అనే మాట కాదు."

"తప్పు నాది. పెనుకొండకు నేను పోతా."

"పెనుకొండకా?"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. అవ్వ నాలుగు కాళ్ళ వాకర్ పట్టుకుని గది గుమ్మంలో నిలబడి ఉంది. సుబ్బలక్ష్మమ్మ చటుక్కున చేయెత్తి నుదురు కప్పుకుంది.

"నేనూ వస్తా పాపా. వాడు ఆడే ఉండాడు కదా. ఇద్దరం కలిసి పిలుచుకోని వద్దాం."

"ఎండ మండిపోతాండాది అత్తా. రేపు పోదువులే," అంది సుబ్బలక్ష్మమ్మ, చేయి తీయకుండానే.

"రేపా? మీ రేపు ఎప్పటికొస్తాదే తల్లీ?" అవ్వ కోప్పడలేదు. మెల్లగా వచ్చి చాప పక్కన గోడకు ఆనుకుంది. "నా అంచు చీర తీసియ్యి. వాడు చూసి సంతోషపడతాడు."

ఆ ఇంట్లో ఆమెకు ఎదురుచెప్పేవాళ్ళు లేకపోయారు. వద్దనడానికి ఏ మాట వెతికినా, ఆ మాట వెనక ఇంకో మాట బయటపడుతుంది. కక్కలేక మింగలేక శివకృష్ణ ఆటో కోసం వీధిలోకి పోయాడు.

*

రైలు ధర్మవరం దాటగానే గాలి చల్లబడింది. ఎర్రటి చేలు, వేరుశనగ పచ్చదనం, మధ్యమధ్య ఏనుగులు పడుకున్నట్టు రాతి గుండ్లు. అన్నీ వెనక్కి, వెనక్కి పోతున్నాయి. కిటికీ పక్కన అవ్వ, ఆమె పక్కన ప్రమోద, ఎదురుగా శివకృష్ణ. ప్రమోద, అవ్వ పెనుకొండలో దిగాలి. శివకృష్ణ చీరతో హిందూపురం దాకా పోవాలి.

అవ్వ కాసేపు బయటికి చూసి, తల వాల్చడానికి చోటు వెతుక్కుంది. శివకృష్ణ ఒళ్ళోని సంచి తీసి ఆమె చెంప కిందికి జరిపాడు. సంచి నోరు కాస్త తెరుచుకుని ఉంది. అవ్వ వేళ్ళు నిద్రలోనే లోపలికి పోయి, గుడ్డ మడత తప్పించి, పట్టు మీద ఆడసాగాయి.

"ఇది కుళ్ళాయప్ప నేతే," అంది కళ్ళు మూసుకునే. "వాడు మగ్గం దెబ్బ గట్టిగా కొడతాడు. చిన్నప్పటి నుంచీ అంతే."

ఆమె వేళ్ళు ఇంకొంచెం ముందుకు పోయాయి, కొంగు మీద ఆగాయి.

"ఇది వాడిది కాదు. శివా, నువ్వు నేసినావా?"

"ఊ."

"యాల? మీ నాయన కొంగు ఎవరి చేతికీ ఇయ్యడే."

శివకృష్ణ కిటికీ వైపు తిరిగాడు. "నాయన పెనుకొండకు పోయినాడు కదవ్వా. అందుకని నేను నేసినా."

"ఓ," అంది అవ్వ. "అట్లనా."

ఆ జవాబు ఈ కొత్త ప్రశ్నకు కూడా సరిపోయింది. ప్రమోద భర్త ముఖంలోకి చూస్తే, అతని కళ్ళల్లో నీళ్ళు గాలికి ఆరిపోతున్నాయి. ఆమె కాళ్ళు చాపి అతని పాదాన్ని తన పాదంతో తాకింది. అతను వెనక్కి తీసుకోలేదు.

దూరాన పెనుకొండ కొండ కనిపించింది. కోట గోడలు ఎండలో కలిసిపోయి, కొండ ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంది. అవ్వ లేచి కూర్చుని జుట్టు సర్దుకుంది.

"నా ముఖం తుడువు పాపా. వాడు చూస్తే ఏడ్చినాననుకుంటాడు."

*

ఆదెమ్మ ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. మామిడాకులు ఇంకా బుట్టలోనే ఉన్నాయి. ఆదెమ్మ ఎదురొచ్చి అవ్వ చేయి పట్టుకుంది.

"కుళ్ళాయప్పన్న వాళ్ళమ్మవా నువ్వు? ఎంత భాగ్యం అవ్వా! రా, ఈడ కూకో. నా పెండ్లికి ఆయన నేసిన చీరే కట్టుకున్నా. ఇప్పుడు నా బిడ్డకూ ఆయన చేతి చీరే."

అవ్వ ముఖం వెలిగిపోయింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పానకం గ్లాసిచ్చి, ఆదెమ్మ లోపలికి కేకేసింది. లక్ష్మీప్రియ వచ్చింది. చేతులకు గోరింటాకు పండి ఉంది. సన్నటి పిల్ల, నవ్వితే కళ్ళు చిన్నవవుతాయి.

"అక్కా, చీర తెచ్చినారా?"

ప్రమోద ఉత్త చేతులతో నిలబడి ఉంది. దారి పొడవునా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"చెల్లీ, ఆ చీర నీది కాదు."

లక్ష్మీప్రియ నవ్వు అట్లాగే ఉండిపోయింది. ఇంకా లోపలికి దిగలేదు.

"అది ముందే హిందూపురం వాళ్ళకు మాటిచ్చిన చీర. నేను కట్టిన సైటు పాత జవాబే చూపిస్తా వచ్చింది. మా ఇంటాయనా చూసుకోలేదు. తప్పంతా మాదే. ఏం తిట్టినా పడతా."

"కాదక్కా," అంది లక్ష్మీప్రియ, పసిపిల్లకు చెప్పినట్టు. ఫోన్ తీసి చూపించింది. "నేను రోజూ ఆ పేజీ తెరిచి చూసుకుంటాండా. ఇన్నాళ్ళూ 'ఉంది' అనే ఉన్నింది. పొద్దున చూస్తే 'అమ్ముడైంది' అని వచ్చింది. అమ్మకు చూపించినా కూడా. నాకే అమ్ముడైంది కదా?"

ప్రమోద ఫోన్ తెర వైపు చూసింది. పొద్దున తాను సరిచేసిన అక్షరాలే అవి. ఈ పిల్ల వాటిని చూసి పొంగిపోయి, ఊరంతా చెప్పుకుని ఉంటుంది.

లక్ష్మీప్రియ ఫోన్ మెల్లగా దించింది. ఏడవలేదు. గోరింటాకు చేతులను ఒకదానిలో ఒకటి పెట్టుకుని నేల చూపులు చూసింది. ఆదెమ్మ మాత్రం ఊరుకోలేదు.

"పెండ్లి ఇంటికి వచ్చి అనే మాటేనా అమ్మా ఇది? ఇంకో చీర దొరకదని కాదు. ఆయన చేతిదని ఇది ఎంత ఆశ పెట్టుకునిందో నీకేమి తెలుసు?"

"మరి వాడినే అడగరాదా?" అంది అవ్వ.

అందరూ అటు తిరిగారు. అవ్వ పానకం గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, ప్రశాంతంగా, ఇంటి లోపలి చీకట్లోకి చూస్తోంది.

"ఇంకొకటి నేసియ్యమని వాడినే అడగండి. ఈడికే కదా వచ్చింది? లోపలుండాడా? పిలువమ్మా, అమ్మ వచ్చిందని చెప్పు."

"ఎవరవ్వా?"

"మా కుళ్ళాయప్ప."

ప్రమోద ఒక అడుగు ముందుకు వేసింది. ఆలస్యమైపోయింది. ఆదెమ్మకు వీళ్ళ ఇంటి జవాబు ఎవరూ నేర్పలేదు. ఆమెకు తెలిసింది నిజమొక్కటే.

"అయ్యో, అదేం మాటవ్వా? ఆయన పోయి ఏడాది దాటింది కదా. దినానికి మేమూ వచ్చింటిమి..."

సగంలోనే ఆదెమ్మకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పందిరి మీద ఎవరో మేకు కొడుతున్నారు. ఆ చప్పుడు కూడా ఆగింది. అవ్వ మెల్లగా తల తిప్పి, మసక కళ్ళతో ప్రమోద ఉన్నవైపు చూసింది.

"పాపా, కుళ్ళాయప్ప యాడ?"

ప్రమోద నాలుక చివరికి పాత జవాబు వచ్చేసింది. దానికి ఆలోచన అక్కర్లేదు, అది అక్కడే ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 'వేరే పనిమీద పోయినాడవ్వా, వస్తాడు' అంటే చాలు. ఆదెమ్మ ఏదో పొరబడిందంటే చాలు. సాయంత్రానికి అవ్వ అన్నీ మరిచిపోతుంది. చెబితే రేపు మళ్ళీ అడుగుతుంది, రేపు మళ్ళీ చెప్పాలి. అత్త ముఖం, తలుపు చెక్క మీది జిగురు మచ్చలు కళ్ళ ముందు కదిలాయి.

ఆమె అవ్వ ముందు నేల మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

"మామ పెనుకొండకు రాలేదవ్వా. మామ లేడు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడే పోయినాడు. చెప్పే ధైర్యం లేక, మేమంతా రోజూ నీకు అబద్ధం చెప్తా వచ్చినాము."

అవ్వ పానకం గ్లాసు ఒళ్ళోంచి జారి, నేల మీద దొర్లింది. ఎవరూ తీయలేదు. ఆమె వేళ్ళు ప్రమోద అరచేతుల్లో కదులుతున్నాయి, రైల్లో పట్టు మీద కదిలినట్టే. చాలాసేపు అట్లా కదిలి, ఒక చోట ఆగాయి.

"అందుకా," అంది, "కొంగు శివ నేసింది."

ప్రమోదకు ఏడుపు ఆగలేదు. ఆదెమ్మ గోడవైపు తిరిగిపోయింది. లక్ష్మీప్రియ వచ్చి అవ్వ కుర్చీ పక్కన కూర్చుంది.

"నా తల కింద ఉన్నింది, ఆ చీర..." అవ్వ గొంతులో నిద్ర లేదు ఇప్పుడు. "అదేనా వాడు ఆఖరుగా నేసింది?"

"అదేనవ్వా."

"ఇప్పుడు యాడ ఉండాది?"

ప్రమోద చెప్పబోయేంతలో ఆమె ఫోన్ మోగింది. శివకృష్ణ. వేలితో స్పీకర్ నొక్కిందో, అదే నొక్కుకుందో తెలియదు, అతని గొంతు వసారా అంతా వినిపించింది. వెనకాల హిందూపురం ఇంట్లో ఆడవాళ్ళ నవ్వులు, ఎవరో పిల్ల సన్నగా పాడుతున్న పాట.

"ప్రేమలతమ్మ ఇంట్లో ఉండా. గ్రేస్ ఎదురుగానే నిలబడుకోని ఉండాది. చీర చూపించినా, కండ్ల నీళ్ళు పెట్టుకునింది పాపం. ఆ పక్క ఆదెమ్మకు చెప్పేసినావు కదా? ఈ పిల్ల చేతిలో పెట్టేదా?"

లక్ష్మీప్రియ తలెత్తి చూసింది. ప్రమోద నోరు తెరిచేలోపల అవ్వ ముందుకు వంగి, ఫోన్ ఉన్నవైపు చేయి చాపింది.

"శివా, దాన్ని ఎవరికీ ఇయ్యద్దు నాయనా," అంది. "నా కొడుకును ఇంటికి తీసుకొనిరా."

ఫోన్లో పాట ఆగిపోయింది.